చుక్క ఆగని గుడ్డ

ముందు ఆ ఏడుపు ఆపు చిట్టీ. గౌను నాడాలు సరిగ్గా కట్టుకోలేదని ఆసుపత్రివాళ్లు తప్పు నీమీదే తోసేశారా? వాళ్లు అన్నారు సరే, నువ్వెందుకు తలూపావు? పదకొండేళ్లుగా ఆపరేషన్ గదిలో నర్సువి, నీకు నాడాలు కట్టుకోవడం రాదా?

మీ ఆయన అంతా చెప్పాడులే. పేషెంటు రక్తం మోచేతి దగ్గర గౌనులోంచి లోపలికి ఇంకిందట. సరిగ్గా అక్కడే నీకు ఇస్త్రీపెట్టె కాలిన పుండు. అతని రక్తంలో అంటుజబ్బు ఉందని తర్వాత తెలిసిందట. రిపోర్టు వచ్చేదాకా పాపని ఎత్తుకోనంటున్నావట. అది అవతల తలుపు గీరుతోంది, వినపడుతోందా?

సరే, ఈ అక్క మాట విను. కంపెనీలో నేను ఏం చేస్తానో నువ్వెప్పుడూ అడగలేదు. గౌన్లు కుట్టే గుడ్డ మీద చుక్కలు వేసి చూస్తాను. రోజంతా అదే పని. నీళ్లు, చెమటలాంటి ఉప్పునీళ్లు, రక్తంలాంటి ఎర్రనీళ్లు. మంచి గుడ్డయితే ఏది వేసినా పూసలా నిలబడుతుంది, వంచితే దొర్లి పడిపోతుంది.

మొన్నామధ్య కొత్త గుడ్డ వచ్చింది. నీళ్లు వేశా, నిలబడ్డాయి. ఎర్రది వేశా. కాసేపు బాగానే ఉంది. ఆ తర్వాత చుక్క మెల్లగా చదునైంది, పక్కలకి పాకింది, నేను చూస్తుండగానే గుడ్డలోకి దిగిపోయింది. తిప్పి చూస్తే వెనకవైపు కూడా ఎరుపే. నీళ్లని ఆపిన గుడ్డ రక్తాన్ని ఆపాలని ఎక్కడుంది? రక్తం నీళ్లలా ముడుచుకుని ఉండదు, తొందరగా పరుచుకుంటుంది.

సూపర్‌వైజర్‌కి చూపించా. ఆయన గుడ్డ వంక చూడనేలేదు, నా మొహం వంకే చూశాడు. "నీళ్లు ఆగాయి కదమ్మా, అంతవరకే రాయి" అన్నాడు.

రాశాను.

అలా చూడకు చిట్టీ. నీ గౌను మెడ దగ్గరి చీటీని మీ ఆయన ఫోటో తీసి పంపాడు. దానిమీది నంబరు నాకు తెలుసు. ఆ నంబరు గుడ్డ బాగుందని సంతకం పెట్టింది నేనే.

ఎవరో వేసుకుంటారులే అనుకున్నా. నువ్వే వేసుకుంటావనుకోలేదు. ఎవరో అయితే ఫరవాలేదా అంటావు. అను, పడతాను.

ఇంకోటి కూడా చెప్పేస్తా, దాచి ఏం లాభం. నీ సంగతి నాకు తెలిసింది నిన్న. ఇవాళ పొద్దున మళ్లీ అదే గుడ్డ నా బల్ల మీదికి వచ్చింది. నీళ్లే వేశాను. సంతకం పెట్టేసి, ఇదిగో, ఇలా నీ దగ్గరికి వచ్చాను.