వేడి మీద లాగి చూశాను

అలా మిషన్ తొక్కుతూనే ఉంటావేంటి వదినా? వచ్చి ఇంతసేపైంది, కూర్చోమని కూడా అనవు. సరే, నేనే కూర్చుంటాలే. ఈ ముక్కలు పక్కకి జరపనా? వద్దా. అయితే ఇలా గుమ్మంలోనే.

అసలు తప్పు నీది కూడా ఉంది, చెప్తున్నా. జిమ్నాస్టిక్స్ పిల్లల బట్టలు నువ్వు కుట్టావు, బొమ్మ నేను అచ్చేశాను. పోటీ దగ్గర అందరి ముందూ "బట్టే నాసిరకం, అందుకే రంగు చీలింది" అని నేనంటే నువ్వు ఒక్క మాట అనొద్దూ? కోచ్ మేడమ్ నీ వైపే చూసింది కదా. మూగనోము పట్టినట్టు నిలబడ్డావు. మరిది పరువు కాపాడదామనా? నాకేం పరువుందని.

ఆ పొట్టిపిల్ల మొహం చూశావా? వెనక్కి వంగిందో లేదో, గుండె మీదున్న తెల్ల పక్షి బొమ్మ బీటలు తీసింది. పెచ్చులు పెచ్చులుగా రాలింది. జనం నవ్వారు. పాపం, ఆట మధ్యలో ఆగిపోయి రెండు చేతులూ గుండెకి అడ్డం పెట్టుకుంది.

అలా చూడకు. నీ బట్టకేం కాలేదని నాకు తెలీదా? ఒక్క కుట్టైనా ఊడలేదు.

సాగే బట్టకి సాగే రంగు వేయాలి. అది పల్చగా ఉంటుంది, రెండుసార్లు పూస్తే గానీ తెలుపు తెలుపులా కనపడదు. మామూలు బనియన్ల రంగైతే ఒక్క పూతకే మెరిసిపోతుంది. చేతికందిన డబ్బా అదే. వేసేశాను. బద్ధకం వదినా, ఇంకేం లేదు.

అచ్చేశాక బట్ట లాగి చూశావా అని నువ్వు అడిగావు కూడా. చూశానన్నాను. అది అబద్ధం కాదు, నిజంగానే చూశాను. రంగు ఆరబెట్టే హీటర్ కింద నుంచి తీసీ తియ్యగానే, చేతులు కాలుతుంటే లాగాను. వేడి మీద ఏ రంగైనా రబ్బరులా సాగుతుంది. చల్లారాక లాగాలి. పనికొచ్చిన ప్రతివాడికీ నేను మొదట చెప్పేది అదే. చల్లారితే ఏమవుతుందో తెలుసు కాబట్టే, చల్లారనివ్వలేదు.

తలెత్తుకోలేకపోతున్నాను. ఆ జట్టు పని పోతే నీ మిషన్ సగం రోజులు మూతేసుకుని కూర్చుంటుంది. రేపు మేడమ్ దగ్గరికెళ్ళి అంతా చెప్తాను. చెప్తానంటున్నా కదా.

ఇంతకీ ఏంటవి, ఆ కుట్టేవి? నీలం రంగువి... ఆ పిల్లలవేనా? మళ్ళీ కొత్తవి కుడుతున్నావా? ఎవరు కుట్టమన్నారు? నీ అంతట నువ్వేనా, నీ సొంత బట్ట పెట్టి?

ఆపు వదినా. కాలు తియ్యి.

సాయంత్రం మేడమ్ ఫోన్ చేసింది. వేరే మంచి టైలర్ ఎవరైనా తెలిస్తే చెప్పమంది. అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా నేను. విప్పాను. ఇంకో టైలర్ పేరు చెప్పాను, వీధి చెప్పాను, కొట్టు ఏ పక్కనుంటుందో కూడా చెప్పాను. చెప్పేసి ఇటొచ్చాను.

ఇప్పుడైనా ఒక్క మాట అను.