ఆగమన్న మేస్త్రి గారు, ఆగని స్టోర్‌కీపరు

1988 జూన్ 13, సోమవారం ఉదయం పది గంటలకు మన పంపింగ్ కేంద్రంలో సహాయ మెకానిక్‌గా చేరవలసిన మేస్త్రి గారు పదిన్నర దాటితే గానీ హాజరు పట్టీలో సంతకం చేయలేదు. గేటు దాటుతూనే లోపలి ఇంజిను చప్పుడులో తేడా వినిపించి, పుస్తకం ముందుకు జరిపిన గుమాస్తాతో ఒక్క నిమిషం ఆగండని చెప్పి, వదులైన బోల్టును వెతుక్కుంటూ వెళ్లడమే అందుకు కారణం. ఆనాడు ఆ గుమాస్తా ఆగినది మొదలు ఈనాటి వరకు వారి కోసం ఆగి విసుగెత్తని వారు ఈ కార్యాలయంలో లేరు. తత్ఫలితంగా వారికి స్థిరపడిన పేరు 'ఆగండి మేస్త్రి'. అసలు పేరు జీతం పట్టీకే పరిమితమైంది.

1996లో మెకానిక్‌గా, 2003లో సీనియర్ మెకానిక్‌గా పదోన్నతి పొందిన వారి చేతికి, కరెంటు పోయినప్పుడు ఆసుపత్రి ట్యాంకుకు నీరెక్కించే పాత డీజిల్ ఇంజిను అప్పగింత అయింది. మనలో అందరికంటే వయసులో పెద్దదైన ఆ ఇంజినుకూ మేస్త్రి గారికీ స్వభావం ఒక్కటే. రెండూ పిలవగానే పలికేవి కావు. ఇంజిను ఎప్పుడూ ఆగిన చోటే ఆగడం వల్ల, ఫ్లైవీల్ చుట్టూ ఉండే పళ్ల చక్రం, అనగా రింగ్ గేరు, రెండు చోట్ల అరిగి నున్నబడింది. స్టార్టరు పళ్లు అక్కడ పట్టు దొరక్క కిర్రుమనేవి. అప్పుడు మేస్త్రి గారు ఇనుప కడ్డీతో ఫ్లైవీల్‌ను జానెడు తిప్పి, చేయి తుడుచుకుని, మళ్లీ మీట నొక్కేవారు. ఈలోగా ఆసుపత్రి నుంచి మూడు ఫోన్లు వచ్చేవి. వారి ధర్మపత్ని గారు సైతం, బయల్దేరదామంటే గడప దగ్గర నిలబడి కుళాయిలన్నీ మళ్లీ చూసి వస్తారని, ఈ మనిషితో ఏనాడైనా బస్సు అందుకున్నామా అని స్టోర్‌కీపరు వద్ద వాపోయారు.

స్టోర్‌కీపరు అనగా ఈ వ్యాస రచయిత్రియే. 2013లో ఉద్యోగంలో చేరిన ఆమెకు ఆగడమంటే ఒళ్లుమంట. కొత్త రింగ్ గేరు కోసం తొమ్మిది నెలలు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, చివరకు తనిఖీకి ఒక్కరోజు ముందు ఆమె దానిని తెప్పించగలిగారు. తనిఖీలో ఇంజిను కదలకపోతే తుక్కు కింద వేలం వేస్తామని పైవారు అప్పటికే తేల్చి చెప్పారు.

పాత గేరును మేస్త్రి గారు ఉలితో చీల్చి తీశారు. కొత్తదానిని బాగా వేడిచేస్తే వ్యాకోచించి ఫ్లైవీల్ మీదికి దిగుతుంది. చల్లారితే బిగుసుకుంటుంది, ఇక కోసి పారేస్తే తప్ప రాదు. పళ్ల అంచులు ఒకవైపు వాలుగా ఉంటాయి. ఆ వాలు స్టార్టరుకు ఎదురుగా ఉండాలి. మన కేంద్రంలో ఒక పద్ధతి ఉన్నది: విడిభాగం మీద స్టోర్ నంబరును తెల్లరంగుతో, బిగించాక కంటికి కనబడే వైపు, మెకానిక్‌ను అడిగి మరీ వేయాలి. ఆమె అడగలేదు. అడిగితే ఆగమంటారని భయం. అప్పటికి ఏ వైపు పైకి ఉంటే ఆ వైపే నంబరు వేసి, మేస్త్రి గారి బల్ల దగ్గర ఒక్క నిమిషమైనా నిలపకుండా, వేడిచేయడానికి గోడ పక్కనున్న బేకరీ పొయ్యికి పంపించారు. రొట్టెల పళ్లాలు బయటపెట్టవలసి వచ్చిన బేకరీ యజమాని సణుగుడు వేరే కథ.

గేరు సెగలు కక్కుతూ వచ్చింది. వేలితో తడిమి చూసే వీలు లేదు.

"ఒక్క క్షణం ఆగండమ్మా, వాలు ఎటుందో చూడనివ్వండి" అన్నారు మేస్త్రి గారు.

"ఇంకెంతసేపు ఆగమంటారు మేస్త్రి గారూ? చల్లారిపోతుంది. నంబరు పైకి పెట్టి దించేయండి, నేనే వేశాను."

ముప్పై ఏడేళ్ల సర్వీసులో మేస్త్రి గారు ఆగకుండా చేసిన పని అదొక్కటే. మర్నాడు అధికారుల ఎదుట స్టార్టరు గీపెట్టింది గానీ ఇంజిను కదల్లేదు. గేరు తిరగబడి ఉంది. మెమో ఇచ్చి సంజాయిషీ అడిగితే మేస్త్రి గారు, వాలు చూసుకోవలసిన బాధ్యత తనదేనని రెండు వాక్యాలు రాసిచ్చి, వేలానికి మాత్రం ఏడాది గడువు అడిగి సాధించారు. రెండో గేరు వచ్చాక ముమ్మారు ఆగి, పన్ను పన్నూ తడిమి ఎక్కించారు. ఆ ఇంజిను నేటికీ ఒక్క మీటతో లేస్తున్నది. అయితే ఆ మెమో కారణంగా ఫోర్‌మన్ పదవి వారికంటే చిన్నవారికి వెళ్లింది. 'పళ్లు తిరగేసిన మేస్త్రి' అన్న ఎగతాళి వారి ఇంటిదాకా వెళ్లింది.

తప్పు తనదని రాసిస్తానని ఆమె ఆనాడే మేస్త్రి గారి దగ్గరకు వెళ్లారు. "మీరింకా పర్మినెంటు కాలేదు. మెమో నా సర్వీసు తట్టుకుంటుంది, మీది తట్టుకోదు. ఆగండి, చెప్పే రోజు వస్తుంది" అన్నారు. ఆమె ఆగారు. ఉద్యోగం పర్మినెంటు అయిన తరువాత కూడా, ఏ కారణమూ లేకుండా, పదేళ్లు ఆగారు. ఎదుటివారి నిదానం మీద ఇన్నేళ్లు చిరాకుపడిన మనిషికి తన నిదానం కనబడలేదు. అందుకు ఆమె సిగ్గుపడుతున్నారు.

కిందటి నెల ఆమె జరిగినదంతా పైకి రాశారు. సంగతి తెలిసి మేస్త్రి గారు స్టోర్ కిటికీ దగ్గరకొచ్చి, "ఇప్పుడెందుకమ్మా? ఇంకో రెండు వారాలు ఆగితే నేనే వెళ్లిపోతాను కదా" అన్నారు.

"ఈసారి ఆగను మేస్త్రి గారూ."

ఆ ఉత్తరం ఇప్పుడు వారి సర్వీసు పుస్తకంలో, మెమో పక్కనే ఉన్నది. పోయిన పదవి తిరిగి రాదు. ఈ వీడ్కోలు సంచిక వారి ఇంట్లో చదివేవారికి మాత్రం ఒక్క మాట: ఆ గేరును తిరగేసినది మేస్త్రి గారు కాదు.

పదవీ విరమణానంతరం మేస్త్రి గారు ఆయురారోగ్యాలతో, ధర్మపత్ని సమేతంగా, కుళాయిలన్నీ ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చూసుకుంటూ నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, ఆ పైన కూడా వెళ్లడానికి తొందరపడక అలవాటు ప్రకారం గడప దగ్గర చాలాకాలం ఆగాలని స్టోర్‌కీపరు కోరుకుంటున్నారు.