మూడు వరసల కుట్టు

మూడు నెలల విదేశీ ప్రయాణంలో అది మొదటి రోజు. పారాగ్లైడింగ్ పట్టీలు బిగించుకుని, కొండ అంచున భార్యాభర్తలిద్దరూ తమ వంతు కోసం నిలబడ్డారు.

"ఇంకా పెట్టెలైనా విప్పలేదు. అప్పుడే గాల్లోకి ఎగరాలంటావా?"

"మోకాళ్ళు మాట వింటున్నప్పుడే ఎగరాలండీ. చివరి రోజుకి దాచుకుంటే అవి వింటాయా?"

"ఈ పట్టీ తెగితే?"

"తెగదు. ఇందాకే అన్నీ తిరగేసి చూశాను. మూడు వరసల కుట్టు, ఎక్కడా దారం వదులు లేదు. ముప్పై ఏళ్ళు కుట్టు మిషన్ తొక్కినదాన్ని, నాకు తెలీదా?"

"నాది కూడా చూశావా?"

"ముందు మీదే చూశాను."

"ఏదీ ఊడేలా లేదుగా?"

"ఒక్కటుంది, మీ చొక్కా పై బొత్తాం. అది మాత్రం బయల్దేరే హడావుడిలో నేను కుట్టింది."