ఇరవై తొమ్మిది మందికీ ఒకే గురువారం

శుక్రవారం మధ్యాహ్నం మూడుంబావుకి, పిహెచ్‌డి సీటు ఇంటర్వ్యూ అయిన గంటకి, ప్రొఫెసరు టీచరుకి ఫోన్ చేసి ఒక ప్రశ్న అడిగారు. నాలుగుంబావుకి టీచరు తన బడికి వచ్చింది. నాలుగో తరగతి గదిలో ఆయా ఉంది.

“పిల్లలేరీ?”

“అదేంటి టీచరమ్మా, అప్పుడే వచ్చేశారు! సీటు ఇచ్చారా?”

“ఐదింటికి జాబితా పెడతారు. పిల్లలేరి ఆయమ్మా?”

“ఇప్పుడే... ఇప్పుడే వెళ్ళారు. నీళ్ళు తాగుతారా? మొహం పీక్కుపోయింది.”

“నాలుగు నుంచి ఆరున్నర దాకా కదా ట్యాబుల క్లాసు. నాలుగుంబావుకే వెళ్ళిపోతారా?”

“ఇవాళ శుక్రవారం కదండీ.”

“శుక్రవారమైతే?”

“శుక్రవారమైతే... శుక్రవారమేగా. కూర్చోండి ముందు. ఇంటర్వ్యూలో ఏమడిగారు? నలభై ఐదు దాటితే తీసుకోరన్నారు, మీకు వచ్చే నెలకి నిండుతాయి. పొద్దుట్నుంచీ నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు.”

“బాగానే అడిగారు. ఏడాదిన్నర వివరాలు చూసి మెచ్చుకున్నారు. టీచరు పక్కన లేకుండా పిల్లలు వాళ్ళంతట వాళ్ళు ఇంత నేర్చుకోవడం ఎక్కడా చూడలేదన్నారు. బయటికొచ్చాక ఫోనొచ్చింది.”

“ఏమని?”

“ఇంటర్వ్యూ చేసిన ఇంకొకాయనకి అనుమానమొచ్చిందట. మూడొందల రెండులోంచి నూట నలభై ఐదు తీసెయ్యమంటే, ఇరవై తొమ్మిది మందీ రెండొందల నలభై మూడని వేశారట.”

“అది తప్పేగా. మొదట్లో అందరూ అలాగే వేస్తారు. పెద్దంకెలోంచి చిన్నంకె తీసేస్తే సరిపోతుందనుకుంటారు.”

“నీకెలా తెలుసు?”

“మీరు చెప్తుంటే విన్నా. వరండా ఊడుస్తూ.”

“తప్పు అందరూ చేస్తారు, సరే. మూడు వారాలు అందరూ అదే తప్పు చేశారు. తర్వాత ఒక గురువారం ఇరవై తొమ్మిది మందికీ సరైన జవాబొచ్చింది. ఒకే రోజు. ట్యాబులో పేరు పక్కన చిలక బొమ్మ ఉన్న పిల్లకి నాలుగూ పదికి. కుందేలు పిల్లాడికి నాలుగూ పదిహేనుకి. ఏనుగుకి నాలుగూ ఇరవైకి. ఏ ఇద్దరూ ఒకేసారి ట్యాబ్ ముట్టుకోలేదు.”

“అదంతా రాసుకుంటుందా ఇది?”

“ప్రతి నొక్కూ రాసుకుంటుంది.”

“వరసలో కూర్చున్నారేమో. బుద్ధిగా.”

“మన నాలుగో తరగతి వాళ్ళా? బుద్ధిగానా?”

“అప్పుడప్పుడూ ఉంటారండీ.”

“ఆయమ్మా, నీ చేతిలో అదేంటి?”

“ఇదా? తుడుస్తున్నా.”

“తుడిస్తే లెక్కలవుతాయా? చిలక పేరు మీద ఇవాళ్టివి ఆరు అయినట్టు చూపిస్తోంది.”

“మీరే అన్నారు కదండీ. ఎవరైనా మూడు రోజులు తెరవకపోతే ఎర్ర చుక్క పడుతుంది, ఎర్ర చుక్కలు పడితే ట్యాబులు పట్టుకుపోతారు, నా చదువు గంగలో కలుస్తుంది అని. మీరే అన్నారు.”

“పిల్లల చేత తెరిపించమన్నాను.”

“మొదటి వారం తెరిచారు. తోసుకుని, కొట్టుకుని మరీ తెరిచారు. బొమ్మలు చూసేశాక ఎవరు కూర్చుంటారు? చిలక పిల్ల ఒక్కతే పండగ దాకా ఉంది. తర్వాత తమ్ముణ్ణి చూసుకోవాలని అదీ మానేసింది.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“ఎప్పుడు చెప్పను? మీరు మూడు ముప్పావు బస్సుకి వెళ్ళిపోయేవారు.”

“లైబ్రరీకి వెళ్ళాను. దీని కోసమే. చదువుకోడానికి.”

“తెలుసు. ఏం చదివేవారు?”

“పిల్లలు ఎలా నేర్చుకుంటారో. ఏంటలా చూస్తావ్? ఇక్కడే ఉండి చూస్తే సరిపోయేదిగా అనేగా? అనెయ్.”

“నేనేం అన్లేదు టీచరమ్మా.”

“రోజూ నువ్వే చేశావా? ఇరవై తొమ్మిది మందివీ?”

“మనిషికి పది లెక్కలు. రెండొందల తొంభై. మొదట్లో రాత్రయిపోయేది. ఇప్పుడు ఆరున్నరకి తాళం వేసేస్తున్నా.”

“నువ్వు బళ్ళోకి వెళ్ళావా ఎప్పుడైనా?”

“ఊడవడానికి వచ్చా.”

“మరి ఎలా చేశావ్?”

“అదే చెప్తుందిగా, ఇలా నొక్కు అలా నొక్కు అని. ఒకటో తరగతి లెక్కలు చిలక పేరు మీద తప్పు చేసేదాన్ని, కుందేలుకొచ్చేసరికి కాస్త తెలిసేది. ఏనుగు దగ్గరికొచ్చేసరికి నోటికొచ్చేసేది. మూడొందల రెండు దగ్గర మాత్రం కొరకరాని కొయ్యయిపోయింది. మూడు వారాలు.”

“ఎవరు చెప్పారు?”

“మా ఆడపడుచు కూతురు. పక్క బళ్ళో సాయంత్రం టీచరుగా చేసేది, జూన్‌లో తీసేశారు. ఇప్పుడు బట్టల కొట్లో ఉంది. గుండీలు తెచ్చింది. పది గుండీలు ఒక దారానికి గుచ్చింది, పది దారాలు ఒక మూట కట్టింది. మూడు మూటలు, రెండు విడి గుండీలు. ఐదు గుండీలివ్వవే అత్తా అంది. చేతిలో రెండే ఉన్నాయి, దారాల్లేవు. మూట విప్పు, ఒక దారం తెంపు అంది. అంతే, వెలిగింది. బుధవారం రాత్రి.”

“గురువారం వచ్చి ఇరవై తొమ్మిదిసార్లు చేశావు.”

“ఆ రోజు చేతులు ఆగలేదంటే నమ్మండి. టీచరమ్మా, ఒకటి అడగనా? నేనిప్పుడు ఎన్నో తరగతిలో ఉన్నట్టు?”

“ఐదు. ఐదు సగం.”

“ఇరవై తొమ్మిదిసార్లు ఐదు సగం! మా ఆయనకి చెప్తే నవ్వి చస్తాడు. మీరు రాసిన దాంట్లో నా పేరెక్కడైనా ఉందా?”

“లేదు ఆయమ్మా. నీకు బొమ్మ లేదు కదా.”

“అవున్లెండి. ఇప్పుడు ఆ సారుకి ఏం చెప్తారు?”

“ఉన్నది చెప్తాను.”

“సీటు పోతుందేమో.”

“పోతుంది.”

“నన్ను మాట్లాడనివ్వండి. తిడితే నన్నే తిడతాడు.”

“ఉండు. ఫోన్ కలుస్తోంది.”

నాలుగు గంటల నలభై నిమిషాలకి ప్రొఫెసరు ఫోన్ ఎత్తారు.

“సార్, ఆ గురువారం సంగతి.”

“చెప్పమ్మా.”

“వాళ్ళు పిల్లలు కారు సార్.”

“ఎవరు?”

“ఇరవై తొమ్మిది మందీ. ఒకే మనిషి. మా బడి ఆయా. పిల్లలు మొదట్లోనే మానేశారు. నేను చూసుకోలేదు. తప్పు నాది.”

“పక్కన ఎవరున్నారు?”

“ఆయానే ఉంది.”

“బయటికి వెళ్ళి మాట్లాడు.”

“వచ్చాను సార్. వరండాలో ఉన్నాను.”

“మార్చిలో నువ్వు రాసిచ్చిన కాగితం పైకి పంపాను, గుర్తుందా?”

“మెచ్చుకున్నారని చెప్పారు.”

“మెచ్చుకుని ఊరుకోలేదు. టీచరు లేకుండానే నేర్చుకుంటున్నారని తేలింది కదా అని నాలుగొందల బళ్ళలో సాయంత్రం టీచర్లని తీసేశారు. జూన్‌లో.”

“నా కాగితం చూసా?”

“నీదీ నాదీ. ముందు నా పేరే ఉంది.”

“జూన్‌లోనా సార్?”

“ఎందుకు?”

“ఏం లేదు. సార్, జాబితాలోంచి నా పేరు తీసెయ్యండి.”

“తీస్తే ఎందుకు తీశానో రాయాలి.”

“రాయండి. ఉన్నది రాయండి. వాళ్ళని మళ్ళీ తీసుకుంటారేమో.”

“ఎవర్నీ తీసుకోరు. ఆ జీతాలతో ట్యాబులు కొనేశారు. పిల్లల పేర్లతో దొంగ లెక్కలు చేసిందని ముందు మీ ఆయాని పంపిస్తారు. తర్వాత నిన్ను. నాకు రిటైర్మెంట్ ఎనిమిది నెలల్లో ఉంది, నా సంగతి వదిలెయ్.”

“మరి ఇంటర్వ్యూలో అడిగినాయనకి ఏం చెప్తారు?”

“ఆ గురువారం ట్యాబుల్లోకి కొత్త పాఠం వచ్చింది, అందుకే అందరికీ ఒకేసారి అర్థమైంది అని.”

“రాలేదు కదా సార్.”

“అలాగే చెప్పేశాను. ఆయన నీ సీటు కాగితం మీద సంతకం పెట్టేశాడు.”

“ఎప్పుడు?”

“మూడున్నరకి.”

“నేనింకా బస్సులోనే ఉన్నాను. సార్, మరి నన్నెందుకు అడిగారు?”

“నీకు తెలుసో తెలీదో చూద్దామని.”

“మీకు తెలుసా?”

“ఇరవై తొమ్మిది మంది పిల్లలకి ఒకే రోజు తెలివి రాదమ్మా. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. సోమవారం పదింటికి రా. ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చుకో.”

“సార్... సార్?”

వరండాలోకి ఆయా వచ్చింది.

“ఏమన్నాడు? బాగా తిట్టాడా?”

“లేదు.”

“నా సంగతి చెప్పారా?”

“చెప్పాను.”

“అంతా?”

“అంతా.”

“మరి?”

“సీటొచ్చింది ఆయమ్మా.”

సోమవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకి టీచరు చేరిక పత్రం మీద సంతకం చేసింది. ‘టీచరు లేకుండా పిల్లల చదువు’ అన్న పరిశోధన అంశం మార్చలేదు.