పెరటి గోడ ప్రచారం

అడవిలో తుపాకీ పట్టి, జైలుకెళ్లి తిరిగొచ్చిన బావమరిది 1981లో పెద్దాపురంలో కౌన్సిలరుగా పోటీ చేస్తున్నాడు. బట్టలకొట్టు బావగారికి అతని గెలుపు కన్నా తన పరువు ముఖ్యం.

"పెద్దమనుషులంతా దండలు పట్టుకుని వీధరుగు మీద కూర్చుంటే, నువ్వు పెరటి గోడ దూకి వెళ్లావంటోయ్?"

"అలవాటండి బావగారూ. అన్నేళ్లూ ఏ ఇంటికెళ్లినా వెనకనించే వెళ్లాను. వీధి గుమ్మం చూస్తే పోలీసులున్నారేమో అనిపిస్తుంది."

"ఇలాగైతే డిపాజిట్టు కూడా దక్కదు. అసలు ఓటు అడిగావా?"

"అడగనిస్తేనా అండి. ఆడవాళ్లంతా నూతి దగ్గరే ఉన్నారు. ముందు మాకు కుళాయి వేయించమన్నారు, పీట వేసి పెసరట్టు పెట్టారు."

"వాళ్ల మొగుళ్లది అవతలి పార్టీ కదా?"

"అదే అడిగానండి. 'వాళ్లు వీధిలో అరుస్తారు, మా ఓటు మేం వేసుకుంటాం' అన్నారు. మా అక్కదీ అదే మాట."

లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. బావగారు చాలాసేపు కండువా సర్దుకున్నారు.

"ఇంకా ఎన్ని ఇళ్లు మిగిలాయి?"

"వెనక వీధంతా ఉందండి."

"పద, నేనూ వస్తాను. ఎవరైనా చూస్తే, నిన్ను పట్టుకోడానికి గోడ దూకానని చెప్తాను."