గోడవైపు తిరిగిన అద్దం

ఆస్పత్రి వరండా. గోడవారన వేసిన ఇనప కుర్చీల్లో ఫిలాసఫీ మాస్టారు, పక్కన ఆయన భార్య. బయట ఎండ మాడ్చేస్తోంది; అయినా మాస్టారి మెడకి మఫ్లరు, అదీ రెండు చుట్లు.

"ముందా మఫ్లరు తీయండి. అందరూ చూసి నవ్వుతున్నారు."

"నవ్వనీ. వాళ్ళంతా ఎవరనుకున్నావు? నా మనసులో పుట్టిన బొమ్మలు. నేను కళ్ళు మూసుకున్నానంటే ఒక్కడు మిగలడు."

"అయితే మూసుకోండి. డాక్టరమ్మ పిలిచినప్పుడు లేపుతాను."

"ఆ డాక్టరమ్మ కూడా అంతేనే. ఈ గోడలు, ఈ కుర్చీలు, ఈ మందుల కంపు, అన్నీ అంతే. ఇన్నేళ్ళు క్లాసులో గొంతు చించుకుని చెప్పిందేమిటి మరి? చూసే మనసు లేకపోతే వస్తువు లేదు."

"మెడ మీద గడ్డ ఉందిగా."

"అదిగో, వచ్చావు అక్కడికే. నువ్వు చూడకముందు అది ఉందా?"

"ఉంది."

"ఉందని ఎవరు చూశారు?"

"మీరే. చూడబట్టేగా బాత్రూములో అద్దాన్ని గోడవైపుకి తిప్పేశారు!"

"అద్దమా... మేకు వదులైంది. దానంతటదే తిరిగింది."

"నేను సరిచేసిన ప్రతిసారీ దానంతటదే తిరిగిందా? అద్దం లేకుండా గడ్డం గీసుకుని చెంపలన్నీ కోసుకున్నారు. క్లాసులో పిల్లలేమనుకున్నారో ఏమో."

"ఏమనుకుంటారు? 'ఇంట్లో పిల్లిని పెంచుతున్నారా మాస్టారూ' అని అడిగారు."

"మీరేమన్నారు?"

"అవునన్నాను. అదీ నా బతుకు! ప్రపంచమే లేదని చెప్పే నోటితో, లేని పిల్లిని ఉందని చెప్పాను."

"నవ్వించకండి. నవ్వే చోటు కాదిది."

"నవ్వవే. నువ్వు నవ్వితే నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది... సరే, నువ్వు కూర్చో, మంచినీళ్ళు తాగొస్తాను."

"కదలకండి. ఇందాకా మంచినీళ్ళకేనని లేచి గేటు దాకా పోయారు. వాచ్‌మన్ తీసుకొచ్చి నాకు అప్పజెప్పాడు."

"నేను పారిపోలేదు. అతనితో తత్వం మాట్లాడుతున్నాను."

"అతనేమన్నాడు?"

"'గేటు ఉంది సార్, మూసి కూడా ఉంది' అన్నాడు."

"చాలా బాగుంది. ఏమండీ, నిజం చెప్పండి. భయంగా ఉందా?"

"భయమా? నాకా? ఛ... ఉంది. చెప్పుకుంటే సిగ్గుచేటు. మొన్న క్లాసులో ఒకమ్మాయి లేచి, 'రోగాలు కూడా మనసులోనేనా మాస్టారూ' అంది. అవునమ్మా అనబోయానా, నా చెయ్యి గబుక్కున మెడ మీదకి పోయింది. క్లాసంతా చూసింది. తలనొప్పిగా ఉందని చెప్పి మధ్యలోనే వచ్చేశాను."

"తలనొప్పి మాత్రం ఉంటుందన్నమాట!"

"వెక్కిరించు. ఇవాళ నీ రోజు... ఇదిగో, తగ్గినట్టుందే! ఇందాకటికంటే చిన్నదైంది. కావాలంటే చూడు. ఇక ఇంటికి పోదాం."

"మఫ్లరు తీస్తేగా చూడ్డానికి."

"వద్దులే."

"ఇలా నా వంక చూసి వినండి. ఏమీ కాకపోవచ్చు. సన్నటి సూదితో గుచ్చి కాస్త తీసి పరీక్షకి పంపుతారు, అంతే. ఏమీ లేదంటే హాయిగా ఇంటికెళ్ళిపోతాం. ఉందంటే మందులు వాడతాం. కానీ మనం చూడలేదు కదాని అది ఆగదండీ. పెరుగుతుంది. మనం చూడకపోయినా పెరిగేదాన్ని మీ పుస్తకాల్లో ఏమంటారు?"

"పదార్థం అంటారు... అంటారని చెప్పి, అది లేదంటారు."

"దానికి మీ పాఠం తెలీదు కదా. తెలిసేదాకా అది ఉంటుంది."

"ఓడిపోయాను తల్లీ. ఇన్ని చదువులు చదివింది నీ చేతిలో ఓడిపోడానికే. అయితే ఒక షరతు. నువ్వు కూడా లోపలికి రావాలి. నా చెయ్యి పట్టుకోవాలి."

"వస్తాను. పట్టుకున్నాను, చాలా?"

"ఇదేమిటి, నీ చెయ్యి ఇంత చల్లగా ఉంది? భయం నాదైతే చెమటలు నీకు పడుతున్నాయేమిటి?"

"ఫ్యాను కింద కూర్చున్నాం కదా... అదిగో, తలుపు తీశారు."

నర్సు వరండాలోకి వచ్చి వీళ్ళ ముందు నిలబడింది.

"మీ ఇద్దరిలో ముందు ఎవరొస్తారండీ?"

"ఇద్దరమూ కలిసే వస్తామమ్మా. రోగిని నేను. ఈవిడ నన్ను పట్టుకొచ్చిన పోలీసు."

"అది కాదు సార్. సూది పరీక్ష ఇద్దరికీ ఇవాళే చెయ్యమన్నారు డాక్టరమ్మ. మీకూ, అమ్మగారికీ."

"ఎవరికి?"

"అమ్మగారికి సార్. మొన్న ఒక్కరే వచ్చి చూపించుకున్నారుగా. మీకు... మీకు తెలీదా?"

"ఏమిటే ఈ అమ్మాయి అంటున్నది? నీకా? నీకేమిటి? ఎక్కడ?"

"మెల్లగా మాట్లాడండి. రొమ్ములో. చిన్న గడ్డే."

"ఎప్పటినుంచి?"

"చాన్నాళ్ళయింది."

"చాన్నాళ్ళా! ఇక్కడ నేను మఫ్లరు కట్టుకుని వేషాలేస్తుంటే, పక్కన కూర్చుని వింటూ ఉన్నావా? నాకొక్క మాట చెప్పొద్దూ? నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే మీరు లేదంటారు. మీరు లేదంటే నేను నమ్మేస్తానండీ."