కొండ దిగిన గిటారు

“పెద్ద గొప్ప పనేటీ కాదర్రా. నేనూ, మా కూర్మయ్య బావా, ఈ గిటారూ ట్రాలీ మీద రెండు మైళ్ళు కొండ దిగాం. అంతే.”

కొత్తవలసలో నరసింగరావు నోట “అంతే” అన్న మాట వినబడిందంటే జనం చేతిలో పని వదిలేసి దగ్గరికి జరుగుతారు. ఆ మాటతో ఆయన కథ ముగియదు, మొదలవుతుంది. అరవై తొమ్మిదో సంవత్సరం వైశాఖమాసంలో ఆ మధ్యాహ్నమూ అలాగే జరిగింది. పాసింజరు వచ్చి వెళ్ళింది. స్టేషను బయట దాలయ్య టీకొట్టు పందిరి కింద, పార్సిలాఫీసు గుమాస్తా నరసింగరావు బల్ల మీద మఠం వేసుకుని, గిటారుని ఒళ్ళో పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టుకున్నాడు. అది నిలబెట్టి మీటే గిటారు కాదు. ఒళ్ళో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జారుస్తూ వాయించేది. పక్కనే కూర్మయ్య. తొలకరి పడేదాకా పొలంలో పనుండదు గనక వేసవి వేసవంతా ఆ రైతు తన బావ నరసింగరావు దగ్గర గిటారు నేర్చుకుంటాడు. మామిడిపళ్ళు అమ్మే గున్నమ్మ బుట్ట దించుకుని నేలమీద చతికిలబడింది.

అందరికీ అది వినోదం. ట్రాలీమేను అసిరయ్యకి మాత్రం గుండెల్లో రాయి పడింది.

ఎందుకంటే మూల బల్ల మీద ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఇందాకటి పాసింజరులో దిగినాయనే. తువ్వాలుతో విసురుకుంటూ టీ తాగుతున్నాడు. ఆయన కాళ్ళ దగ్గర నల్ల రేకుపెట్టె, దాని మీద తెల్లరంగుతో మూడు ఇంగ్లీషు అక్షరాలు. అసిరయ్యకి చదువు రాదు. అయినా ఆ మూడూ ఎరిగున్నవే. ట్రాలీ వెనక పలక మీద ఉండేవే, రోజూ పొద్దున్నే తడిగుడ్డ పెట్టి తను తుడిచేవే. లైను ఇనస్పెక్టరుగారి అక్షరాలు. పాతాయన బదిలీ మీద వెళ్ళి పదిరోజులైంది, కొత్తాయన వస్తారని అనుకుంటున్నారు. వచ్చేశారు స్వామీ, వచ్చి ఈ పందిరి కిందే కూర్చున్నారు!

కొండ దిగిన మాట నిజం. మొన్న ఆదివారం, రైలు లేని వేళ చూసి, కొండమీది పైస్టేషను మాస్టరుకి చెప్పకుండా, ఈ ఇద్దరి ముచ్చటా తీర్చడానికి అసిరయ్య, ఇనస్పెక్టరుని కూర్చోబెట్టి తోసే సర్కారువారి ట్రాలీని పట్టాలెక్కించాడు. తెలిస్తే ఉద్యోగం పోతుంది. ఎనిమిదేళ్ళు కంకర కొడితే మాఘమాసంలో ఖాయమైన ఉద్యోగం. అది వచ్చినందుకు సింహాచలం అప్పన్నకి ఇస్తానన్న తలనీలాలు ఇంకా తలమీదే ఉన్నాయి.

“కొండ దిగడానికి కాళ్ళుండాల గానీ గిటారెందుకు బాబూ?” అంది గున్నమ్మ.

“అదీ అడుగు! ఒసే గున్నమ్మా, రోలర్ కోస్టర్ అంటే ఏటో తెలుసా నీకు? తెల్దు. రైల్వే క్లబ్బులో ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మున్నాది. పట్టాలు ఆకాశానికి ఎక్కుతాయి, అక్కణ్ణుంచి పాతాళానికి దిగుతాయి, బండిలో కూకున్నోళ్ళ జుట్లు ఇలగ నిలబడిపోయి ఉంటాయి. ఏ ఊరూ ఎల్లదు. ఎక్కిన కాడే దిగిపోవాల. దానికి టిక్కెట్టు!”

“ఎక్కిన కాడే దిగడానికి టిక్కెట్టేటి?” అన్నాడు దాలయ్య టీ వడకట్టడం ఆపి. అతనికి నిజంగానే బోధపడలేదు.

నరసింగరావు ఉక్కు కడ్డీని తీగ మీద పైనుంచి కిందికి సర్రున జార్చాడు. ఆ స్వరం ఎత్తునుంచి పల్లానికి జారుతుంటే పందిరి కింద అందరికీ కడుపులో ఏదో ఖాళీ అయినట్టయింది.

“ఇప్పుడు పొట్టలో జిల్లుమన్నాదా? అదేరా టిక్కెట్టు! సేతికి అలవాటైన ఆ జారుడు ఒళ్ళంతటికీ కావాలనిపిస్తాది గిటారోడికి. అందుకే మా బావా నేనూ ఏటేటా ఎండాకాలం దాని కోసం తిరుగుతన్నాం. మొదటేడు ఇజీనారం ఎగ్జిబిషన్లో పెద్ద రాట్నం. తొమ్మిదిసార్లెక్కాం. నిరుడు భావనపాడులో తెప్ప మీద కెరటాలెక్కి దిగాం.”

“ఎక్కి దిగింది నువ్వు. నేను కక్కుకున్నాను,” అన్నాడు కూర్మయ్య.

“ఈ ఏడు కొండ లైను!”

అసిరయ్య దగ్గాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఇంకాస్త గట్టిగా దగ్గాడు. దాలయ్య మంచినీళ్ళిచ్చాడు. లాభం లేక బల్ల దగ్గరికి జరిగి నరసింగరావు మోకాలు గిల్లాడు. నరసింగరావు తిరిగి చూసి, ముఖం చేటంత చేసుకుని, అతని భుజం తట్టాడు.

“తెలిసిందిరా తెలిసింది, నీ పేరు మర్సిపోతానేటి? ఇదిగో, బ్రేకు పట్టుకున్నోడు వీడే, అసిరయ్య! వీడు నేకపోతే మేం నేం.”

పందిరంతా అసిరయ్యని చూసింది. మూల బల్ల మీద తువ్వాలు విసరడం ఆగింది.

“ఏ రోజు సంగతి బాబూ ఇది?” అన్నాడు పెద్దాయన. గోదావరి వైపు మాట.

“మొన్నాదివారవండి,” అని కూర్మయ్య ఎంతో మర్యాదగా అందించాడు.

అసిరయ్యకి పారిపోదామా అంటే కాళ్ళు రావు, అబద్ధమని అరుద్దామా అంటే నోరు రాదు. ఆ క్షణాన నరసింగరావు చూపు పెద్దాయన దగ్గర్నుంచి కిందికి దిగి, రేకుపెట్టె మీద కాసేపు నిలిచింది. నరసింగరావు ఇంగ్లీషు చదువుకున్నవాడు. చదివాడా, ఊరికే చూశాడా? అసిరయ్యకి తెలియలేదు. తెలిసిందల్లా ఒకటే, ఆ తర్వాత కథ పట్టాలు వదిలేసింది.

“రెండు మైళ్ళన్నాను కదండీ? అది బ్రేకు ఉన్నంతసేపు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బ్రేకు కర్ర రాపిడికి అంటుకుని భగ్గున మండి బూడిదైపోయింది, వీడి సేతిలో పిడికెడు బూడిద, వీడు బత్తిగా దాన్నే నుదుట పెట్టుకున్నాడు, ట్రాలీ మరి ఊరుకుంటాదేటి, పలుపు తెంపుకున్న గిత్తలాగ పరుగు లంకించుకున్నాది, మొదటి సొరంగంలో దూరాం, ఆ సీకట్లో నేను తీగ మీద ‘స’ వేశాను, రెండో సొరంగంలో ‘రి’, మూడోదాంట్లో ‘గ’, ఏడు సొరంగాలు ఏడు స్వరాలు, ఎనిమిదోది తవ్వనేదు గనక పైషడ్జం నా దగ్గరే ఉండిపోయింది, బైటపడి వెనక్కి సూద్దును గదా, మా నీడలు మమ్మల్ని అందుకోలేక రొప్పుకుంటూ పరిగెడతన్నాయి!”

“నీడలు రొప్పుతాయేటి బాబూ?”

“ఈ ఎండలో పరిగెట్టి సూడు, నువ్వు రొప్పవూ?”

గున్నమ్మ ఆలోచనలో పడింది. అసిరయ్య కూడా పడ్డాడు. జరిగిందేమిటంటే ట్రాలీ సైకిలు వేగాన దిగింది, బ్రేకు కీచుకీచుమంది, నరసింగరావు కళ్ళు గట్టిగా మూసుకుని బావని వాటేసుకుని గోవిందనామాలు చదివాడు. కానీ ఆ చెప్పే తీరుకి అసిరయ్య ముక్కుకి కర్ర కాలిన వాసన తగిలింది. చెయ్యి వెళ్ళి నుదురు తడుముకుంది.

“ఇంకా ఉన్నాది. మలుపు తిరిగేసరికి పట్టాల మీద సిరతపులి! దానికి తప్పుకునే టయిం నేదు, మాకు ఆగే దారి నేదు. మరేటి సేస్తాది పాపం, ఎక్కి కూకుంది.”

“ట్రాలీ మీదే?”

“ట్రాలీ మీదే. ఒక్క మాట అననేదు. గిటారు వింటూ తలూపింది. ఒరే అసిరయ్యా, అది నీ పక్కన కూకుందా, బావ పక్కనా?”

అసిరయ్య నోరు తెరిచాడు. పులి లేదంటే, ట్రాలీ ఉందన్నట్టే. పులి ఉందంటే, అబద్ధం. అయితే ఏది చెబితే ఉద్యోగం నిలుస్తుంది? నిజమా? అబద్ధమా? తండ్రీ అప్పన్నా, నీ సన్నిధిలో సింహమే ఉంది గదా, ఈ పులి సంగతి నువ్వే చూసుకో అనుకున్నాడు.

“నా పక్కనేనండి,” అన్నాడు. అక్కడితో ఆగలేకపోయాడు. “తోక నా ఒళ్ళో ఉన్నాదండి.”

పందిరి ఘొల్లుమంది. కూర్మయ్య ఒక్కడే నవ్వలేదు.

“పులేటి బావా? నేను సూడనేదే!”

“నువ్వు కళ్ళు మూసుకుని గోవిందా గోవిందా అంటన్నావు కదా బావా.”

“అన్నది నువ్వు కాదేటి?” అని కూర్మయ్య గొణిగాడు గానీ, ఆ గొంతులో గట్టిదనం లేదు.

“వినండి! ఎదురుగా కొండెక్కుతా ఖాళీ గూడ్సు, రెండింజన్లు, నలభై పెట్టెలు. అయిపోయాం అనుకున్నాం. సరిగ్గా అక్కడే చిన్న మిట్ట. ట్రాలీ ఆ మిట్ట మీంచి ఎగిరింది సూడండి, గూడ్సు మీంచి, తల్లకిందులుగా! నేను పైనుంచి పెట్టెలు లెక్కెట్టాను, ఒకదానికి కొక్కెం ఊడుంటే గార్డుకి కేకేసి సెప్పాను, ఆయన టోపీ తీసి దండమెట్టాడు. అంతెత్తునుంచి సింహాచలం కొండ కనబడింది. మొక్కుదామంటే సేతిలో గిటారు. అయితేనేం, బుర్ర కిందికే ఉన్నాది కదా, సాష్టాంగమే అయిపోయింది. ఆ ఊపున ట్రాలీ సుట్టు తిరిగి ఎక్కడ దిగిందో తెలుసా?”

“ఎక్కడ?”

“ఎక్కిన కాడే! పైస్టేషన్లో, రోజూ ఎక్కడ పెడతారో అక్కడే. చక్రం వేడి కూడా నేదు. మరి రోలర్ కోస్టరంటే ఏటనుకున్నారు?”

జనం చప్పట్లు కొట్టారు. ఎక్కిన చోటే దిగిందంటే ట్రాలీ కదిలిన గుర్తే లేదు. ఇది తెలివా, పిచ్చా? అసిరయ్య నరసింగరావు ముఖంలోకి చూశాడు. అక్కడ చెమట తప్ప ఏమీ కనబడలేదు.

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు.

“చాలా బాగుంది బాబూ. నీడల సంగతి నమ్మాను. పులిని నమ్మాను. ఎగరడం కూడా నమ్మాను. ఒక్కటి మాత్రం నమ్మలేకపోతున్నాను.”

“ఏటండది?”

“మీరు ట్రాలీ ఎక్కడం.”

పెద్దాయన తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ముప్పై ఏళ్ళుగా ట్రాలీ మీద తిరుగుతున్నవాణ్ణి నేను. పక్కనున్న ట్రాలీని ఎత్తి పట్టాల మీద పెట్టాలంటే నాలుగు మూలలకీ నలుగురు మనుషులుండాలి. మీరు ముగ్గురు. గిటారుకి చేతుల్లేవు. పులి దారిలో ఎక్కింది. నాలుగో మూల ఎవరు పట్టారు?”

నాలుగో మూల పట్టినవాడు ఎర్రన్న, పైస్టేషన్లో రైళ్ళకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. డ్యూటీలో ఉండగా వచ్చి వీళ్ళతో పాటే కొండ దిగాడు. తన పేరు ఎక్కడా రానివ్వొద్దని ముగ్గురిచేతా ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పుడా ఒక్క పేరు అంటే చాలు, రెండు మైళ్ళూ నిజమైపోతాయి. నరసింగరావు పుట్టి బుద్ధెరిగాక ఆ పందిరి కింద చెప్పిన ఒకే ఒక్క నిజం అది. సాక్షులతో సహా ఉంది.

నరసింగరావు పెదాలు కదిలాయి. అంతలో అసిరయ్యని చూశాడు, కడ్డీని చొక్కాజేబులో వేసుకున్నాడు.

“ఎవరూ పట్టనేదండి,” అన్నాడు. ఆ గొంతు అంత చిన్నగా ఉండడం కొత్తవలస ఎన్నడూ వినలేదు. “మేం ట్రాలీ ఎక్కనేదండి. కోతలండి.”

“ఓలమ్మో! రెండు మైళ్ళూ నేదా?” అని గున్నమ్మ బుగ్గలు నొక్కుకుంది.

“రెండడుగులు కూడా నేదే.”

“అదేటి బావా!” కూర్మయ్య లేచి నిలబడి పంచె పైకెత్తాడు. “మరి నా మోకాలు సెక్కుకుపోయిందెక్కడ?”

“భావనపాడులో.”

“అది నిరుడు కదా!”

“మానడానికి టయిం పడతాది బావా.”

కూర్మయ్య పచ్చిగా ఉన్న దెబ్బకేసి చూసుకున్నాడు. బావ ముఖం చూశాడు. మళ్ళీ మోకాలు చూసుకున్నాడు. “నిరుడేనేటో,” అంటూ నెమ్మదిగా కూర్చున్నాడు. జనం నవ్వులు ఇంకా ఆగలేదు. గుచ్చి గుచ్చి ఏదో ఒకటి అంటున్నారు. నరసింగరావు తల వంచుకుని అన్నీ పడుతున్నాడు.

పెద్దాయన లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

“అసిరయ్యా, పెట్టె ఎత్తు. క్వార్టర్సు చూపించు.”

అసిరయ్య పెట్టె నెత్తినెట్టుకుని ముందు నడిచాడు. పట్టాల పక్కన కంకర మీద ఇద్దరి చెప్పులూ కరకరలాడుతున్నాయి. నాలుగడుగులు వేశాక వెనకనుంచి మాట వచ్చింది.

“కొండ లైను నీకు బాగా తెలుసా?”

“నేదండి బాబూ! నానెప్పుడూ కొండ దిగనేదండి!”

అడుగుల చప్పుడు ఆగింది.

“ట్రాలీమేనువి కదా. ఎప్పట్నించి?”

“మాగమాసం నుంచండి.”

“రోజూ కొండెక్కుతావా?”

“రోజూ ఎక్కుతానండి.”

“దిగవు?”

నెత్తిన పెట్టె ఉండడంతో తల అడ్డంగా ఊపడానికి లేదు, నిలువుగా ఊపడానికీ లేదు. “దిగనండి,” అన్నాడు అసిరయ్య, అప్పన్నని తలుచుకుంటూ.

వెనక చెప్పుల చప్పుడు మళ్ళీ మొదలైంది. తర్వాత వచ్చిన మాటలో కోపం ఉందో, నవ్వు ఉందో అతనికి పోల్చుకోవడం చేతకాలేదు.

“సరే. రేపు పొద్దున్న ఏడింటికి మనుషుల్ని తీసుకుని రా. ఎక్కడం నీకు వచ్చుగా. దిగడం నేను నేర్పుతాను.”